మూడు గంటలు రెండుసార్లు కొట్టిన ఎండాకాలం

ఆ ఎండాకాలం మా కాలనీలో మధ్యాహ్నం మూడు గంటలు రోజుకు రెండుసార్లు కొట్టేవి. పొద్దుటి ఏడు కూడా రెండుసార్లే. లోకంలో రాజులకూ మంత్రులకూ రోజుకు ఇరవై నాలుగు గంటలే గాని, గోదావరిఖనిలో మా గల్లీకి మాత్రం దేవుడు పైన చారెడు కొసరు వేసి పంపేవాడు.

కారణం సైరన్లు. మా బాయికి, అంటే నేను ఉద్యోగం చేసే బొగ్గుగనికి, షిఫ్టు మారినప్పుడు కూసే సైరన్లు రెండున్నాయి. ఒకటి బాయి గేటు ఎదురుగా గుట్ట మీద, ఇంకొకటి కాలనీలో నీళ్ళ ట్యాంకు మీద. గుట్ట సైరన్ మోగితే గోదావరి అవతల మంచిర్యాలలో పాలు విరుగుతాయని అంటారు. నేను అంత దూరం చెప్పను. నది నడిమధ్య దాకా అయితే ఖాయం.

ఒకప్పుడు వాటిని మనుషులు నొక్కేవారు. తర్వాత ఆ పని సబ్బుపెట్టెంత కంప్యూటర్లకు అప్పజెప్పారు. చేతి స్విచ్చు ఉంది గాని, అది ప్రమాదానికి మాత్రమే. వేళగాని వేళ సైరన్ మోగితే కాలనీ ఆడవాళ్ళు పొయ్యి మీది గిన్నె పొయ్యి మీదే వదిలి బాయి మీదికి ఉరుకుతారు. అందుకే ఆ స్విచ్చును ముట్టుకునే ధైర్యం మా బాయిలో దయ్యాలకు కూడా లేదు.

ఈ డబ్బాల పెత్తనం నాది. నేను ఎలక్ట్రికల్ సెక్షన్‌వాణ్ణి. ఒకసారి మేనేజర్ సాబ్ ప్రింటర్ మూలుగుతుంటే విప్పి, లోపల స్వర్గస్థమైన బల్లిని బయటికి తీశాను. ఆ రోజు నుంచి నేను కంప్యూటర్ విద్యలో మహాపండితుణ్ణని బాయి మొత్తం తీర్మానించింది. నేనూ అడ్డం చెప్పలేదు. పుస్తకాలు తెచ్చుకొని, రాత్రనక పగలనక చదివి, ఆ బల్లి ఇచ్చిన బిరుదుకు తగినంత నేర్చుకున్నాను.

ట్యాంకు మీది డబ్బా ముందు వచ్చింది. గుట్ట మీదిది ఆ తర్వాతి ఏడాది వచ్చింది. దాంట్లో బోర్డు కొత్త రకం. హైదరాబాద్ నుంచి అమ్మినవాళ్ళ మనిషి వచ్చి రెండింటినీ తెర మీద చూపించాడు. ఆపరేటింగ్ సిస్టం పేరు ఒకటే, వర్షన్ నంబర్ ఒకటే. "కవల పిల్లలు సార్" అన్నాడు. కవలల్లో ఒకరికి మతిమరుపు ఉండొచ్చన్న సంగతి ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఎండలు ముదిరాయి. రెండు డబ్బాలకూ ఆధారమైన కాలనీ లైన్లో కరెంటు పోవడం, రావడం మొదలైంది. దాంతోపాటే సైరన్లు విడిపోయాయి. ముందు ట్యాంకు సైరన్ కూసేది. కాస్త ఆగి గుట్ట సైరన్ కూసేది. మొదట్లో అది ప్రతిధ్వని అనుకున్నాం. తర్వాత ఆ కాస్త పెరిగింది. ప్రతిధ్వని టీ తాగి వస్తున్నట్టుండేది. ఇంకా పెరిగింది. టీ తాగి, పేపరు చదివి, ఇద్దరిని పలకరించి వస్తున్నట్టుండేది.

వేరే ఊరయితే ధర్నా జరిగేది. మా ఊరు సైరన్ పాలు తాగి పెరిగింది. సైరన్ తప్పు చేస్తుందని ఇక్కడ ఎవరికీ తోచదు. వారం తిరక్కుండా కాలనీ దానికి అర్థం చెప్పేసుకుంది: మొదటిది తయారుగమ్మని, రెండోది బయలుదేరమని. గుట్ట సైరన్‌ను బట్టి ఇంటి ముందుకొచ్చే షిఫ్టు బస్సు డ్రైవరు కూడా అదే నమ్మాడు. సైరన్ల మధ్య ఎడం పెరిగిన కొద్దీ జనం మెచ్చుకున్నారు. "ఎండలు గదా, కంపెనీ టైము పెంచింది" అన్నారు. మేనేజ్‌మెంటేమో యూనియన్ అడిగి తెచ్చుకుందనుకుంది, యూనియనేమో మేనేజ్‌మెంట్ దయతో ఇచ్చిందనుకుంది. ఇద్దరూ విడివిడిగా దీన్ని తమ విజయమని చెప్పుకున్నారు. ఇంత ఐకమత్యం మా బాయి చరిత్రలో లేదు.

మా అక్క సంగతైతే చెప్పనక్కరలేదు. నేనొకనాడు పోయేసరికి కుక్కర్ ముందు మహారాణిలా నిలబడి ఉంది.

"అక్కా, బావకు ఇంకా సద్ది కట్టలేదా? సైరన్ అయింది గదా?"

"అది ఒట్టి సైరన్‌రా. అసలుది కాలే. మొదటి దానికి కుక్కర్ ఎక్కిస్త, రెండోదానికి దించుత. ఎవడు చేసిండో గని మా ఆడోళ్ళ కష్టం తెలిసినోడు. వాని కడుపు సల్లగుండ."

చేసిన మహానుభావుడు కరెంటు కోత అని అప్పటికి నాకు తెలియదు. దీవెన నాకే అనుకొని కడుపు నిమురుకుంటూ ఇంటికి పోయాను.

ఇట్లా ఆ ఎండాకాలమంతా సుఖంగా గడిచిపోయేదే. కానీ మే నెలాఖరున మా బావ రిటైర్‌మెంటు.

బావ డ్రిల్లర్. బొగ్గు గోడకు డ్రిల్లు మిషన్ పట్టి పట్టి చెవులు రెండూ కంపెనీకి సమర్పించాడు. మా అక్క ఏం చెప్పినా "ఆఁ, సరే" అంటాడు. ఆ సంసారం ఇంత చల్లగా సాగడానికి కారణం అదేనని మా చుట్టాల్లో ఒక వర్గం గట్టిగా నమ్ముతుంది. మనిషి మాత్రం సైరన్‌కు బానిస. షిఫ్టు అయిపోయి పైకి వచ్చాక కూడా టోపీ మీది లైటు అప్పజెప్పి, గేటు లోపలి బెంచీ మీద కూచుంటాడు. గుట్ట సైరన్ కూస్తేనే లేస్తాడు. ముందు లేచిన పాపం ఎరగడు.

ఆ బెంచీ మీదే ఒకరోజు అడిగాను, చెవి దగ్గర నోరు పెట్టి.

"బావా, ఆఖరి రోజు ఏం గావాలె నీకు? షామియానానా, బిర్యానీయా?"

"నీ అక్క గవన్నీ చూసుకుంటది. నాకొక్కటే గావాలె బామ్మర్దీ." గుట్ట వైపు గడ్డం ఎత్తాడు. "మేనేజర్ సాబ్ ఉపన్యాసం నాకినవడది. యూనియనోళ్ళు నా గురించి ఏం మాట్లాడుతరో, అదీ ఇనవడది. మంచిదే. గది ఒక్కటి ఇనవడ్తది. చెవులకు గాదు, ఈ పక్కబొక్కలకు." పక్కటెముకల మీద చెయ్యి వేసుకున్నాడు. "దాన్ని ఇనుకుంట లేశి, గేటు దాటాలె. అంతే."

ఇంత చిన్న కోరిక. బంగారం అడిగితే తప్పించుకునేవాణ్ణి.

ఎందుకంటే మా దగ్గర నెలాఖరు అంటే మామూలు రోజు కాదు. రిటైర్‌మెంట్లన్నీ ఆనాడే. డప్పులోళ్ళు ఒక్కరే, ఓపెన్ జీపు ఒక్కటే, పూలదండలేసే మేనేజర్ సాబూ ఒక్కడే. డప్పులాయన ముందే చెప్పాడు: "అన్నా, మూడింటికి మీది. మీదయినంక పక్క బాయిది. అటెంక ఇంకోటి. నిమిషం లేటయినా నేను డప్పుతోని ఉరుకుడే." మేనేజర్ సాబ్ మూడింటికి దండవేసి ఏరియా ఆఫీసు మీటింగుకు పోవాలి. వీళ్ళంతా చేతి గడియారాల మనుషులు. గుట్ట సైరనేమో అప్పటికి మూడు గంటలను మూడుంపావు దాటించి కూస్తోంది. అది కూసేసరికి దండ ఉండదు, డప్పు ఉండదు, జీపు ఉండదు. బావ ఒక్కడే బెంచీ మీద ఉంటాడు. లేదంటే అందరూ కలిసి సైరన్ కంటే ముందే ఆయన్ని రెక్క పట్టి లేపుతారు. ఇన్నేళ్ళ మర్యాద ఆఖరి రోజు పోతుంది.

"పోనీ బావా, నేను చేత్తోని నొక్కిస్త" అన్నాను.

బావ నన్ను పైనుంచి కిందికి చూశాడు. "చేత్తోని నొక్కితే, అటెంక డబ్బా కూడ మల్ల కూస్తది. వేళగాని కూత ఇని మంది ఎవడో సచ్చిండనుకొని ఉరికొస్తరు. నా రిటైర్‌మెంటుకు కాలనీల ఏడుపులు వెడ్తవా? నీ కంప్యూటర్‌కే చెప్పు. నీ మాట ఇంటదంట గదా."

మా ఆవిడే వినదు, అది వింటుందా? అయినా పోయి చూశాను. షిఫ్టు సైరన్లు లేని సెలవు రోజు రెండు డబ్బాలనూ విప్పి తెచ్చి, నా బల్ల మీద పక్కపక్కన కూచోబెట్టాను. రెండు బోర్డుల మీదా గడియారం చిప్పు ఉంది. దాని పక్కన బిళ్ళ బ్యాటరీ ఉంది. పాతదాన్ని "నీ చిప్పులో టైమెంత?" అని అడిగితే టక్కున చెప్పింది. కొత్తదాన్ని అడిగితే అసలు అలాంటి చిప్పు నా దగ్గర లేనేలేదంది. నా కళ్ళ ముందే ఉంది, దాని నెత్తి మీదే ఉంది, లేదంటోంది! నెత్తి మీద కళ్ళద్దాలు పెట్టుకొని ఇల్లంతా వెతికే మా ఆవిడ దీనికంటే నయం.

డబ్బాలను మళ్ళీ వాటి చోట పెట్టి, హైదరాబాద్‌కు ఫోన్ చేశాను. అమ్మిన కంపెనీలో ఒక ఇంజనీరు ఎత్తాడు.

"సార్, రెండిట్లో వర్షన్ ఒకటే కదా?"

"ఒకటే."

"ఇంకేంటి సార్, రెండూ సేమ్."

"సేమయితే ఒకటి మూడింటికి కూసి, ఇంకొకటి దానికి బుద్ధి పుట్టినప్పుడు ఎందుకు కూస్తది తమ్ముడూ?"

"ఇంటర్నెట్ పెట్టండి సార్, టైము అదే తీసుకుంటుంది."

"మా గుట్ట మీద ఫోనే ఎత్తదు. చెట్టెక్కితే ఒక గీత వస్తది. డబ్బాను చెట్టెక్కించమంటవా?"

ఆయన నవ్వలేదు. చాలాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది. తర్వాత గొంతు తగ్గించి, పక్కవాళ్ళకు వినపడకుండా చెప్పినట్టు చెప్పాడు: "సార్... కొత్త బోర్డు కెర్నెల్‌లో ఆ క్లాక్ చిప్పు ఆఫ్‌లో ఉంది. పాతదాంట్లో ఆన్‌లో ఉంది. ఎవరు ఆఫ్ చేశారో, ఎందుకు చేశారో మా దగ్గర ఎవరికీ తెలియదు సార్."

ఇక్కడ కెర్నెల్ అంటే ఏమిటో చెప్పకపోతే మా బావ కూడా ఒప్పుకోడు. కెర్నెల్ అంటే కంప్యూటర్‌కు ఓవర్‌మాన్. మేనేజర్ బాయిలోకి దిగి బొగ్గు నింపిన టబ్బు నెట్టడు. టబ్బు నెట్టేవాడు మేనేజర్‌తో మాట్లాడడు. నడుమ ఓవర్‌మాన్ ఉంటాడు. ఏ పనిముట్టు ఏ మూలన ఉందో ఆయనకే ఎరుక. కంప్యూటర్‌లోనూ అంతే. ప్రోగ్రాములు పైన, చిప్పులు కింద, నడుమ కెర్నెల్. ఒక్కో రకం బోర్డుకు ఒక్కో కెర్నెల్ తయారుచేస్తారు. చేసేటప్పుడు ఇది ఉంది, అది లేదు అని వేల సంగతులు దాని చెవిలో వేస్తారు. పాత బోర్డు ఓవర్‌మాన్‌కు "మూలన గడియారం ఉంది, కరెంటు పోయినా తిరుగుతనే ఉంటది, లేవగానే దాన్ని చూడు" అని చెప్పారు. కొత్త ఓవర్‌మాన్‌కు చెప్పడం మరిచారు. చొక్కా అదే, బిళ్ళ అదే, నంబర్ అదే. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఈ కొత్తాయన లేచి, తాను పడుకునే ముందు ఎంతయిందో ఇప్పుడూ అంతే అనుకొని పనిలోకి దిగేవాడు. కరెంటు ఎంతసేపు పోతే మా గుట్ట అంతసేపు ముసలిదయ్యేది కాదు. కోత మీద కోత పడి, ఎడం ఎండతోపాటు పెరిగింది. చేత్తో టైము దిద్దినా, అది తర్వాతి కోత దాకానే.

జబ్బు తెలిశాక సగం ప్రాణం లేచి వచ్చింది. పాత కెర్నెల్ తీసి కొత్త బోర్డులో వేద్దామా అంటే పనిచేయదు, ఆ ఓవర్‌మాన్‌కు ఈ బాయి దారులు తెలియవు. కొత్తదాన్నే మళ్ళీ తయారుచేయాలి. ఇంజనీరు పాపం, మంచివాడు. కావలసిన సరుకంతా పంపాడు. ఆదివారం పొద్దున నా ఇంటి కంప్యూటర్లో మొదలుపెట్టాను. అది రైసుమిల్లులా ఊగుతూ, గదిని బాయిలోపలి వేడికి తెచ్చింది. మా ఆవిడ వాకిట్లోంచి అరిచింది.

"ఏం కడుతున్నరు అండ్ల, డ్యామా?"

"ఓవర్‌మాన్‌ను కడుతున్న."

"కట్టినంక గిన్నెలు తోముతడేమో అడుగుండ్రి."

మధ్యాహ్నానికి మొదటిది తయారైంది. స్టోర్లోంచి తెచ్చిన అదే రకం విడి బోర్డులో వేశాను. టైము అద్భుతంగా చెప్పింది. కరెంటు తీసి వేసినా క్షణం తప్పలేదు. కానీ సైరన్ తీగను గుర్తుపట్టలేదు! నేను గడియారాన్ని ఆన్ చేసే సంబరంలో ఇంకేదో ఆఫ్ చేశాను. సమయం తెలిసి కూడా నోరు విప్పని ఇలాంటి జ్ఞానులు మా యూనియన్‌లో ఇద్దరున్నారు. మళ్ళీ కట్టాను. రెండోది టైమూ చెప్పింది, తీగనూ పట్టింది. కానీ దాన్ని రెండు రోజులు గుట్ట ఎక్కించడానికి కుదరలేదు. ఎక్కించింది బావ ఆఖరి డ్యూటీకి ముందటి సాయంత్రం.

మర్నాడు పొద్దున ఏడింటికి రెండు సైరన్లూ ఒక్కసారే మోగాయి. నాకు ఒళ్ళు పులకరించింది. కాలనీకి ఒళ్ళు మండింది.

సగం కాలనీ రెండో సైరన్ కోసం కూచుంది. బస్సు పోయింది. కుక్కర్లు మాడాయి. నేను పళ్ళు తోముకుంటుండగానే గల్లీ ఆడవాళ్ళు ఊరేగింపుగా వచ్చారు.

"అన్నా, మా రెండో సైరన్ ఏది?"

"అది తప్పు చెల్లే. బాగుచేసిన."

"బాగున్నదాన్ని బాగుచేస్తరా ఎవరన్న? మా పప్పు ఉడికే టైము మింగినవ్. మాది మాకియ్యి!"

యూనియనాయన కూడా వచ్చాడు. సాధించుకున్న హక్కును కాలరాశానన్నాడు. సాయంత్రం మాట్లాడుకుందామని అందరికీ దండం పెట్టి, బయటపడ్డాను.

రెండు దాటాక బాయి గేటు దగ్గరికి చేరాను. ఆ పూట నా చోటు గుట్ట మీద కాదు, గేటు బయటే. మా దగ్గర రిటైరైన మనిషి గేటు దాటగానే ఆయన భార్య పుట్టింటివాళ్ళు కొత్త బట్టలు పెట్టి శాలువా కప్పాలి. అక్క పట్టుచీర కట్టుకొని జీపెక్కి కూచుంది. డప్పులోళ్ళు డప్పులు కాచుకుంటున్నారు. బావ పైకి వచ్చి, లైటు అప్పజెప్పి, బెంచీ మీద కూచున్నాడు. స్నానం చేసి తల దువ్వుకున్నాడు. పెళ్ళి నాడు కూడా ఇంత నున్నగా దువ్వలేదు.

అప్పుడు లేచింది గాలి. మా దగ్గర మే నెల గాలికి బొగ్గుదుమ్ము తోడు. ఆకాశం మొత్తం నల్లటి కంబళి కప్పుకుంది. ఒక జల్లు దంచింది, నాలుగు రేకులు లేచాయి, కరెంటు పోయింది.

బట్టల పళ్ళెం పట్టుకొని గుట్ట వైపు చూశాను. ఇంట్లో స్విచ్చు తీసి వేసి చూశాను నిజమే. కానీ స్విచ్చు పెద్దమనిషి, పొమ్మంటే పోతుంది, రమ్మంటే వస్తుంది. మా కాలనీ కరెంటు అలా కాదు. వచ్చినట్టు వచ్చి పోతుంది, పోయినట్టు పోయి కన్ను కొడుతుంది. ఆ రోజు కూడా వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. ఆగమాగంగా నిద్రలేచిన నా ఓవర్‌మాన్ గడియారం చూశాడా? గుట్ట ఎక్కి చూద్దామంటే మేనేజర్ సాబ్ అప్పుడే దండ పట్టుకొని వచ్చి, నా పక్కనే నిలబడి, చేతి గడియారం చూసుకున్నాడు.

"అయినట్టే కదా? లేపండి ఆయన్ని" అన్నాడు.

"సార్, ఒక్క నిమిషం సార్. సైరన్..."

"సైరన్‌దేముందయ్యా, నాకు మీటింగుంది."

ఆయన వెంట వచ్చిన ఇద్దరు గేటు లోపలికి నడిచి బావ రెక్క పట్టుకున్నారు. బావ కదల్లేదు. బెంచీకి నాటిన గుంజలా కూచున్నాడు. మూడో మనిషి వంగాడు. నేను కళ్ళు మూసుకున్నాను. నాకు తెలిసిన దేవుళ్ళందరికీ, మొదట ఆ బల్లికి, మొక్కుకున్నాను.

గుట్ట కూసింది.

ట్యాంకూ కూసింది, అదే క్షణాన, అదే గొంతుతో. నేను గేటు స్తంభానికి ఆనుకున్నాను. బావ రెక్క పట్టుకున్నవాళ్ళు చేతులు వదిలేశారు. బావ అరచేతిని పక్కటెముకల మీద పెట్టుకొని, కూత పూర్తిగా అయ్యేదాకా అలాగే విని, లేచాడు. నడిచి వచ్చి గేటు దాటాడు. మేనేజర్ సాబ్ దండ వేశాడు. వేస్తుంటే ఆయన చేతి గడియారం మీద బావ కన్ను పడింది. నేను శాలువా కప్పబోయి, ఆయన తల మీదుగా ముఖాన్నే కప్పేశాను. లోపలి నుంచి బావ గొంతు వచ్చింది:

"బామ్మర్దీ, సాబ్ గడియారం కంటె జరంత ముందే కూసింది గదా?"

"లేదు బావా, సాబ్ గడియారమే వెనక!"

ఆయనకు వినపడలేదు. "మంచిగనే కూసింది" అన్నాడు.

ఎంత తేలికయిందంటే, నేను గాలికి కొట్టుకుపోయి నది అవతల రామకృష్ణాపూర్‌లో పడేవాణ్ణే, పళ్ళెం బరువు వల్ల ఆగాను. ఇక జీపు కదలడమే తరువాయి. కదల్లేదు. వాన నీళ్ళు ఇంజనులో ఎక్కడికో పోయాయి. డ్రైవరు తాళం తిప్పుతాడు, అది దగ్గుతుంది. మేమంతా వెనక చేరి నెట్టడం మొదలుపెట్టాం. రెండడుగులు పోగానే బావ దండతో సహా దూకాడు.

"బావా, నువ్వు కూసోవాలె!"

"ఇనవడతలేదు!" అని అరిచి, భుజం ఆనించాడు. ఈసారి బాగానే వినపడిందని నా అనుమానం.

అలా డప్పులు ముందు, జీపు మధ్యలో, దండ వేసుకున్న బావ వెనక, బావ పక్కన బురద పూసుకున్న నేను. జీపులో అక్క ఒక్కతే, పట్టుచీరలో, కొంగు నెత్తిన వేసుకొని కూచుంది. కాలనీ మలుపులో పొద్దున నన్ను తిట్టిన ఆడవాళ్ళే నిలబడి ఉన్నారు. వాళ్ళకు జీపు కనిపించింది గాని వెనకున్న మేం కనిపించలేదు.

"ఏంది అక్కా, రిటైర్‌మెంటు నీదా?"

"మరి ఎవరిదనుకున్నరు?" అంది అక్క, చేయి ఊపుతూ. "రేపటి సంది సైరన్‌కు లేసుడు లేదు, సద్ది కట్టుడు లేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టబోయాను గాని, చేతులు జీపు మీదున్నాయి.